సెమిస్టర్ చివరి మూడు వారాలు: ఒత్తిడిలో ఉన్న విద్యార్థికి ఎలా తోడుండాలి?

సెమిస్టర్ ముగింపుకు వచ్చిన ప్రతిసారీ తల్లిదండ్రుల నుంచి, తోటి అధ్యాపకుల నుంచి, ఒక్కోసారి అదే గదిలో ఉండే స్నేహితుల నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది: "పరీక్షలు దగ్గరపడ్డాయి, మనిషి నలిగిపోవడం కళ్ళముందే కనిపిస్తోంది, నేనేం చేయాలి?" ధైర్యం చెప్పి వచ్చేస్తే సరిపోదని అడిగేవారికి తెలుసు, అంతకు మించి చేయగలిగింది ఏమిటన్నదే వారికి తెలియడం లేదు. అందుకే నేను మెంటర్‌గా పాటిస్తున్న పద్ధతిని వరుసగా రాస్తున్నాను. ఇది విద్యార్థి పక్కన ఉన్న మీ కోసం రాసినది.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. "ఏం కావాలన్నా అడుగు" అనే మాటలో ప్రేమ ఉంటుంది కాని, అలసిపోయిన మనిషికి తనకు ఏం కావాలో ఆలోచించి, ఆపైన నోరు తెరిచి అడిగే ఓపిక ఉండదు. "రేపు సాయంత్రం 6 గంటలకు వస్తాను, ఇద్దరం కూర్చుని మిగిలిన పనులన్నీ రాద్దాం" అని చెప్పి, ఆ వేళకు నిజంగా వెళ్ళడం అందుకు భిన్నమైన సాయం. ఈ వ్యాసంలోని ప్రతి మెట్టూ అలాంటిదే: చిన్నది, స్పష్టమైనది, చెప్పిన వేళకు జరిగేది.

దగ్గర ఉండవలసినవి

కొన్ని తెల్ల కాగితాలు, పరీక్షల టైమ్‌టేబుల్, ఇంకా అప్పగించవలసిన అసైన్‌మెంట్ల గడువు తేదీలు కావాలి. కళాశాల కౌన్సెలర్‌ను ఎలా కలవాలో, ఏ వేళల్లో ఉంటారో ముందే కనుక్కుని రాసిపెట్టుకోండి. అవసరం వచ్చిన రాత్రి వెతుక్కుంటే ఆలస్యమవుతుంది. మీరున్న చోట పనిచేసే అత్యవసర సేవల నంబరు, ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ నంబరు మీ ఫోన్‌లో ఉండాలి. విద్యార్థికి దగ్గరగా మసలే మరో మనిషి, రూమ్‌మేట్ కావచ్చు, అన్నో అక్కో కావచ్చు, ఎవరో తెలుసుకోండి. ఇక మీ వైపు నుంచి, రోజు విడిచి రోజు ఇరవై నిమిషాలు కేటాయించండి. అంతకంటే ఎక్కువ మాట ఇవ్వకండి, ఇచ్చిన మాట తప్పకండి.

1. ఒత్తిడి ఏ స్థాయిలో ఉందో చూడండి

పరీక్షల ముందు కొంత ఆందోళన సహజం, చాలామందికి అది పనికి కదిలించే శక్తి కూడా. కాబట్టి చూడవలసింది ఆందోళన ఉందా లేదా అని కాదు, ఆ విద్యార్థి మామూలుగా ఉండే తీరుకు ఇప్పుడు ఎంత దూరం జరిగారన్నది. ఎప్పుడూ తక్కువ మాట్లాడే విద్యార్థి మౌనంగా ఉండటంలో విశేషం లేదు; గలగలా మాట్లాడే విద్యార్థి నాలుగు రోజులుగా ఫోన్ ఎత్తకపోతే పట్టించుకోవాలి. పక్కింటి పిల్లలతో, తోటి విద్యార్థులతో పోల్చి అంచనా వేయకండి.

నిద్ర, తిండి, స్నానం, తరగతులకు హాజరు, స్నేహితులతో మాటలు: ఈ ఐదింటిలో ఏవి మారాయో గమనించండి. ఒకటి రెండు కొద్దిగా చెదిరి, పరీక్ష అయిన రోజు కాస్త తెరిపి కనిపిస్తే అది ఈ మెట్లతో గట్టెక్కే ఒత్తిడి. దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం లేదా దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు సాగితే, అప్పుడు దాన్ని పరీక్షల ఒత్తిడి అని సరిపెట్టుకోకుండా వైద్యుడికో కౌన్సెలర్‌కో చూపించాలి. మానసిక వైద్యులు కుంగుబాటును గుర్తించేటప్పుడు చూసే కనీస వ్యవధి కూడా ఆ రెండు వారాలే. బతకడం మీద విరక్తి మాటల్లో ఏ రూపంలో వినిపించినా మిగతా మెట్లన్నీ పక్కన పెట్టి నేరుగా 8వ మెట్టుకు వెళ్ళండి.

2. మొదటిసారి మాట్లాడేటప్పుడు సలహా ఇవ్వకండి

ఎదురెదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అంటే విచారణలా ఉంటుంది. పక్కపక్కన నడుస్తూనో, ఏదో చిన్న పని చేస్తూనో మాట్లాడితే మనసు త్వరగా విప్పుతారు. పరీక్షకు ముందురోజు రాత్రి, నిద్రపోయే వేళ, నలుగురి మధ్య ఈ ప్రసంగం తేవద్దు.

మీరు కళ్ళతో చూసినదాన్ని చెప్పి, ఒక ప్రశ్న అడిగి ఆగండి. "నాలుగు రోజులుగా తెల్లవారుజాము దాకా నీ గదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఈ వారం ఎలా గడుస్తోంది?" అంటే చాలు. "ఎందుకిలా తయారయ్యావు?" అని అడిగితే సంజాయిషీ వస్తుంది, జవాబు రాదు. "ఏం లేదు, బాగానే ఉన్నాను" అంటే వాదించకండి. "సరే, ఎల్లుండి మళ్ళీ అడుగుతాను" అని చెప్పి, ఎల్లుండి అడగండి. నా అనుభవంలో అసలు మాట బయటకు వచ్చేది ఎక్కువగా ఆ రెండో రోజునే.

మాట్లాడటం మొదలుపెట్టాక వినండి, విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోండి, చివరగా ఇది అడగండి: "ఇప్పుడు నేను వింటే చాలా, లేక ఇద్దరం కలిసి దారి ఆలోచిద్దామా?" మెంటర్‌గా తొలి ఏళ్ళలో నేను ఈ ప్రశ్న అడిగేదాన్ని కాదు. ఒక విద్యార్థిని రెండు నిమిషాలు మాట్లాడగానే చదువుకునే ప్రణాళిక గీసి చేతికిచ్చాను. ఆ అమ్మాయి కాగితం తీసుకుని, కృతజ్ఞతలు చెప్పి, ఆ సెమిస్టర్ మొత్తం మళ్ళీ నా దగ్గరకు రాలేదు. తన ఇంట్లో జరుగుతున్న విషయం చెప్పుకోవడానికి వచ్చిందని నాకు చాలా కాలానికి తెలిసింది.

సాధారణంగా జరిగే పొరపాట్లు: "మా రోజుల్లో ఇంతకంటే కష్టపడ్డాం" అనడం, "ఇదేం పెద్ద విషయం" అనడం, "నీకేం, నీకు తప్పకుండా మంచి మార్కులు వస్తాయి" అని హామీ ఇవ్వడం. చివరిది ప్రేమతో అన్నదే అయినా, మార్కులు రాకపోతే మీ నమ్మకాన్ని కూడా పోగొట్టుకుంటామన్న భయాన్ని అదనంగా మోపుతుంది.

3. పని మొత్తాన్ని కాగితం మీదికి తెప్పించండి

ఈ మెట్టుకు ఒక గంట పడుతుంది, కాని మూడు వారాల్లో మీరు చేసే అన్ని పనుల్లో ఎక్కువ ఫలితం దీనికే ఉంటుంది. సెమిస్టర్ చివర విద్యార్థిని నలిపేసేది పని పరిమాణం ఒక్కటే కాదు, ఆ పరిమాణం ఎంతో తెలియకపోవడం. తలలో తిరిగే "ఇంకా చాలా ఉంది" అనే మాటకు అంతు ఉండదు. కాగితం మీద పదిహేడు పనులుంటే అవి పదిహేడే.

కలం విద్యార్థి చేతిలోనే ఉండాలి. మీరు రాస్తే అది మీ జాబితా అవుతుంది. ముందుగా గుర్తొచ్చినవన్నీ వరుసతో పనిలేకుండా రాయించండి: ప్రాజెక్ట్ రిపోర్టు, ల్యాబ్ రికార్డు, వైవా, మిగిలిపోయిన అసైన్‌మెంట్లు, ఒక్కో సబ్జెక్టులో చదవని పాఠాలు, పాత బ్యాక్‌లాగ్. చదువుకు సంబంధం లేకపోయినా మనసులో బరువుగా ఉన్నవి, కట్టవలసిన ఫీజు, ఖాళీ చేయవలసిన గది వంటివి, కూడా అందులో ఉండాలి. తర్వాత ప్రతిదాని పక్కన మూడు విషయాలు చేర్చండి: గడువు తేదీ, అది ఎన్ని మార్కులకు సంబంధించినది, దానిలో మొట్టమొదట చేయవలసిన చిన్న పని. "ప్రాజెక్ట్ పూర్తి చేయాలి" అన్నది మొదటి పని కాదు. "మూడో అధ్యాయానికి కావలసిన రెండు పట్టికలు తయారు చేయాలి" అన్నది మొదటి పని. ఇరవై ఐదు నిమిషాల్లో మొదలుపెట్టి ఎంతో కొంత ముందుకు తీసుకెళ్ళలేనిది ఏదైనా ఇంకా పెద్దదిగా ఉన్నట్టే, దాన్ని మళ్ళీ విడగొట్టాలి.

ఇప్పుడు ఒక్కో పనికి ఎంత సమయం పడుతుందో అడగండి, విన్న అంకెకు సగం కలపండి. ఇందులో విద్యార్థి సోమరితనం ఏమీ లేదు, మనుషులందరూ తమ పని విషయంలో ఇలాగే పొరబడతారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ పరిశోధకులు చివరి సంవత్సరం థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే 49 రోజులన్నారు. నిజానికి సగటున 55 రోజులు పట్టింది. అంటే అన్నిటికంటే చెడ్డ రోజులను ఊహించుకుని చెప్పిన అంచనా కూడా చాలలేదు.

సగం కలిపాక మొత్తం గంటలు ఉన్న రోజుల్లో పట్టవని తేలవచ్చు. తరచుగా తేలుతుంది కూడా. అక్కడ భయపడకండి, ఎందుకంటే ఈ మెట్టు అసలు ప్రయోజనం అదే: ఏది వదిలేయాలో, ఏది తగ్గించుకోవాలో, దేనికి గడువు పొడిగింపు అడగాలో ఇప్పుడే నిర్ణయించుకోవడం. ఐదు మార్కుల అసైన్‌మెంట్‌ను అందంగా దిద్దడానికి రెండు రోజులు వెచ్చించి నలభై మార్కుల పాఠాలు వదిలేసే విద్యార్థులు నాకు ప్రతి సెమిస్టర్‌లోనూ కనిపిస్తారు. తేలికగా చేతికందే పని చేస్తుంటే భయం కాసేపు తగ్గుతుంది కనుక వారు అటు మొగ్గుతారు. మార్కుల వరుస పక్కన రాసి ఉంటే ఆ తప్పు వారి కంటికే కనిపిస్తుంది, మీరు ఎత్తిచూపనక్కరలేదు.

గడువు అడగడానికి చాలామంది జంకుతారు. ఉత్తరం మీరు రాసి పెట్టకుండా, పక్కన కూర్చుని రాయించండి. కారణం ఒక వాక్యంలో, ఇప్పటికి పూర్తయిన భాగం ఒక వాక్యంలో, కోరుతున్న కొత్త తేదీ ఒక వాక్యంలో ఉంటే చాలు. ఉదాహరణకు: "అనారోగ్యం వల్ల గత వారం నేను రిపోర్టు రాయలేకపోయాను. మొదటి రెండు అధ్యాయాలు పూర్తయ్యాయి, వాటిని జతచేస్తున్నాను. మిగిలిన భాగాన్ని వచ్చే సోమవారం లోపల అప్పగించడానికి అనుమతి ఇవ్వగలరా?" గడువు దాటాక క్షమాపణతో వచ్చే ఉత్తరం కంటే గడువుకు మూడు రోజుల ముందు ఇలా వచ్చే ఉత్తరానికి అధ్యాపకులు ఎంతో సులువుగా ఒప్పుకుంటారు. ఆరోగ్య కారణమైతే వైద్యుడి ధ్రువపత్రం అప్పుడే తీసుకోమనండి.

హెచ్చరిక: మీరు తల్లిదండ్రులైతే, విద్యార్థికి తెలియకుండా అధ్యాపకులకు ఫోన్ చేయవద్దు. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు తప్ప, ఆ ఫోన్ వల్ల కలిగే మేలు కంటే మీ మీద పోయే నమ్మకమే ఎక్కువ.

సరిచూసుకోవడం: జాబితా ముగిశాక "రేపు పొద్దున మొదట ఏం చేస్తావు?" అని అడగండి. ఒకే వాక్యంలో జవాబు వస్తే పని అయింది. "చూడాలి, చాలా ఉన్నాయి" అంటే పనులు ఇంకా పెద్ద ముక్కలుగానే ఉన్నాయని అర్థం.

4. నిద్రను కాపాడండి

పరీక్షల ముందు మొదట తగ్గించుకునేది నిద్రనే, ఎందుకంటే దానికి గడువు తేదీ లేదు, అడిగే అధ్యాపకుడు లేడు. కాని కాలేజీ వయసు వారికి రాత్రికి 7 నుంచి 9 గంటల నిద్ర అవసరం. చదివింది జ్ఞాపకంలో స్థిరపడే పనిలో కొంత నిద్రలోనే జరుగుతుంది కనుక, రాత్రంతా మేలుకుని చదవడం ఒక చేత్తో పోస్తూ మరో చేత్తో ఒలకబోయడమే. పదిహేడు గంటలు ఏకధాటిగా మెలకువగా ఉన్నవారి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి దిగజారుతుందని డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో చూపించారు. ఉదయం 7కు లేచిన విద్యార్థికి అర్ధరాత్రి 12కు ఆ పదిహేడు గంటలు నిండుతాయి. ఈ లెక్క చెప్పి, తెల్లవారుజామున 3 గంటలకు చదివిన పాఠంలో మర్నాడు ఎంత గుర్తుందో తననే చూసుకోమనండి. ఉపన్యాసం కంటే ఇది బాగా పనిచేస్తుంది.

నిద్ర వేళను ఒక్కసారిగా మార్చమని అడగకండి. తెల్లవారుజామున 4 గంటలకు పడుకునే అలవాటున్నవారిని రాత్రి 10కి పడుకోమంటే కళ్ళు తెరుచుకుని కప్పు చూస్తూ ఉంటారు, మీ సలహా పనికిరాదని తేల్చేసుకుంటారు. ముందు లేచే వేళను స్థిరం చేయించండి, పరీక్ష ఉన్నా లేకపోయినా ఒకటే వేళ. పడుకునే వేళను రెండు రోజులకొకసారి అరగంట చొప్పున వెనక్కి తేవచ్చు. మూడు వారాల వ్యవధి ఉంటే ఇది సాధ్యమే. మూడు రోజులే ఉంటే వేళ మార్చే ప్రయత్నం వదిలేసి, ఆరు గంటలకు తగ్గకుండా పడుకునేలా చూడటంతో తృప్తి పడండి.

కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకుల్లో ఉండే కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గినట్టు 2013లో ఒక పరిశోధనలో కనిపించింది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజు మొత్తానికి సురక్షితమని చెప్పే గరిష్ఠ పరిమితి కూడా ఆ 400 మిల్లీగ్రాములే. "మానేయ్" అనకుండా "మధ్యాహ్నం 2 తర్వాత వద్దు" అంటే వింటారు. ఉన్నట్టుండి పూర్తిగా మానేస్తే తలనొప్పి వస్తుంది, అది పరీక్షల మధ్య మరో తలపోటు అవుతుంది.

పడుకున్నాక రేపటి పనులు తల చుట్టూ తిరుగుతున్నాయని చెబితే, పడుకునే ముందు ఐదు నిమిషాలు రాబోయే రోజుల్లో చేయవలసినవి వివరంగా రాయమనండి. 2018లో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో, అయిపోయిన పనులు రాసినవారి కంటే చేయవలసినవి రాసినవారు సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారు. ఖర్చు లేనిది, ప్రమాదం లేనిది కనుక ప్రయత్నించదగినదే.

గట్టి హెచ్చరిక: మెలకువ కోసం స్నేహితుల దగ్గర దొరికే ఏకాగ్రత మాత్రలు, నిద్ర కోసం ఇంట్లో పెద్దలు వాడే నిద్రమాత్రలు, ఈ రెండూ వైద్యుడు ఆ విద్యార్థికే రాసిచ్చినవి కాకపోతే వాడనివ్వకండి. వాడుతున్నట్టు తెలిస్తే కోప్పడకుండా ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళుగా అని కనుక్కుని వైద్యుడికి చెప్పండి. కోప్పడితే వాడకం ఆగదు, మీతో చెప్పడం ఆగుతుంది.

5. చదివే తీరులో ఒక్క మార్పు చేయించండి

పాఠాలు మీరు చెప్పనక్కరలేదు. చదివిన పేజీనే మళ్ళీ మళ్ళీ చదవడం, రంగు గీతలు గీయడం తగ్గించి, పుస్తకం మూసి గుర్తున్నది రాయడం లేదా ఎవరికైనా చెప్పడం పెంచితే చాలు. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారు మెరుగ్గా కనిపించారు. వారం తర్వాత పరీక్షిస్తే, మధ్యలో గుర్తుచేసుకోవడం సాధన చేసినవారే ఎక్కువ నిలుపుకున్నారు. "చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉంది, హాల్లో కూర్చుంటే ఏదీ గుర్తు రాలేదు" అని పిల్లలు చెప్పేది అబద్ధం కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

మీ పాత్ర ఇక్కడ శ్రోతగా ఉండటం. రోజు విడిచి రోజు వచ్చే మీ ఇరవై నిమిషాల్లో పదింటిని దీనికివ్వండి: "ఈ రోజు చదివినదాంట్లో ఒకటి నాకు చెప్పు." మీకు ఆ సబ్జెక్టు తెలియకపోతే మరీ మంచిది. తప్పులు పట్టకండి, మార్కులు వేయకండి, అర్థం కాని చోట "అదెలా?" అని మాత్రం అడగండి. ఇది పరీక్షలా అనిపించి విద్యార్థి బిగుసుకుపోతే వెంటనే మానేసి, అదే పని స్నేహితులతో చేసుకోమనండి.

6. తిండి, కదలిక

దీని గురించి క్లుప్తంగానే చెబుతాను. భోజనం మానవద్దని చెప్పడం కంటే భోజనం కళ్ళముందు పెట్టడం మేలు. దూరంగా ఉంటే, భోజనం వేళకు ఫోన్ చేసి ఇద్దరూ తినేదాకా కబుర్లు చెప్పుకోవచ్చు. వ్యాయామ ప్రణాళికలు ఈ మూడు వారాల్లో మొదలుపెట్టించకండి. రోజుకు ఇరవై నిమిషాలు బయట వెలుతురులో నడిస్తే చాలు, వీలైతే మీరూ తోడు వెళ్ళండి. బరువు, ఒళ్ళు, ముఖం మీద మొటిమలు, వీటి మీద వ్యాఖ్యానాలు ఏ ఉద్దేశంతోనూ చేయకండి.

7. భయం ఒక్కసారిగా ముంచుకొచ్చినప్పుడు

గుండె దడ, ఊపిరి అందకపోవడం, చేతులు వణకడం, ప్రాణం పోతోందన్న భావన హఠాత్తుగా వస్తే అది పానిక్ అటాక్ కావచ్చు. సాధారణంగా పది నిమిషాల్లోపే అది తారస్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది. "ఏం కాదు, ఊరుకో" అనకండి. పక్కన కూర్చుని, నెమ్మదైన గొంతుతో, "నేను ఇక్కడే ఉన్నాను, ఇది తగ్గుతుంది, నాతో పాటు ఊపిరి వదులు" అనండి. నాలుగు లెక్కపెట్టేదాకా ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా నోటితో వదలాలి. ముందు మీరు చేసి చూపండి. లోతుగా పీల్చమని పదేపదే చెప్పడం పొరపాటు, వేగంగా లోతుగా పీల్చితే తల తిరుగుతుంది. వదిలే ఊపిరి పొడవుగా ఉండటమే ముఖ్యం. ఒంటిని తాకే ముందు "చేయి పట్టుకోనా?" అని అడగండి.

మొదటిసారి వచ్చినా, ఛాతీనొప్పి తగ్గకపోయినా, స్పృహ తప్పినా మీరే పానిక్ అని తీర్మానించకుండా వైద్య సాయం పిలవండి. తరచుగా వస్తుంటే, లేదా మళ్ళీ వస్తుందేమోనన్న భయంతో పరీక్షకు వెళ్ళడం మానేస్తుంటే కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళే సమయం వచ్చింది.

8. చనిపోవాలన్న ఆలోచన ఉందేమోనని అనుమానం కలిగితే నేరుగా అడగండి

"నేను లేకపోతే అందరికీ బాగుంటుంది", "ఇక చాలు, అలసిపోయాను", "ఈ పరీక్షల తర్వాత ఎవరికీ నా బాధ ఉండదు" వంటి మాటలు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అందరికీ వీడ్కోలులా సందేశాలు పంపడం. ఎన్నో రోజుల దిగులు తర్వాత కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా మారడం: వీటిలో ఏది కనిపించినా ఏకాంతంలో, స్పష్టమైన మాటల్లో అడగండి. "ఇంత బాధలో ఉన్నవారికి ఒక్కోసారి చనిపోవాలనిపిస్తుంది. నీకు అలాంటి ఆలోచన వస్తోందా?" అనండి. "పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అని అడిగితే లేవనే చెబుతారు, ఎందుకంటే మీకు కావలసిన జవాబు మీరే ఇచ్చేశారు.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం దాదాపు అందరికీ ఉంటుంది. అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి 2014లో ప్రచురించిన సమీక్షలో, అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరిగినట్టు కనిపించలేదు. అడగకుండా వదిలేయడమే ప్రమాదం.

"అవును" అంటే ఇలా చేయండి. గొంతు మారనివ్వకండి, "చెప్పినందుకు మంచి పని చేశావు" అనండి. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన దాకా వెళ్ళిందా అని అడగండి. ఒంటరిగా వదలకండి. హాని చేసుకోవడానికి వాడగలిగేవి అందుబాటులో లేకుండా చూడండి. అదే రోజు కౌన్సెలర్‌నో, మానసిక వైద్యుడినో, హెల్ప్‌లైన్‌నో కలిపించండి. పథకం ఉందన్నా, ఇప్పటికే ఏదైనా చేసుకున్నా క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర సేవలను పిలవండి లేదా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. "ఎవరికీ చెప్పనని మాటివ్వు" అంటే ఇవ్వకండి. "ఊరంతా చెప్పను, కాని నిన్ను కాపాడగలవారికి చెబుతాను, ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతాను" అనండి. నీతులు, పాపపుణ్యాలు, "మీ అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా?" అనే మాటలు ఆ సమయంలో అపరాధభావాన్నే పెంచుతాయి.

"లేదు" అన్నా, మీ మనసు ఒప్పుకోకపోతే మర్నాడు మళ్ళీ అడగండి.

9. పరీక్ష రోజు, ఆ తర్వాత

ముందురోజు సాయంత్రమే హాల్ టికెట్, పెన్నులు, నీళ్ళ సీసా ఒకచోట పెట్టించండి. ఉదయం కొత్త ప్రశ్నలు అడగవద్దు. బయటికి రాగానే "ఎలా రాశావు?" అనే ప్రశ్న నోటిదాకా వస్తుంది, దాన్ని ఆపుకుని "ఏమైనా తిన్నావా?" అనండి. జవాబులు సరిచూసుకోవడం వాయిదా వేయించండి. అయిపోయిన పరీక్షలో పోయిన నాలుగు మార్కులు కనుక్కోవడం వల్ల రాబోయే పరీక్షకు ఉండాల్సిన నిద్ర పోతుంది.

పరీక్ష పోయిందని ఏడుస్తూ వస్తే ముందు ఏడవనివ్వండి. గంట గడిచాక, అడిగితేనే, ముందున్న దారుల గురించి మాట్లాడండి: సప్లిమెంటరీ, రీవాల్యుయేషన్, వచ్చే సెమిస్టర్‌లో మళ్ళీ రాయడం. వీటి నిబంధనలు, చివరి తేదీలు మీరు ముందే తెలుసుకుని ఉంటే ఆ రోజు మీ మాటకు బరువుంటుంది.

మీ సాయం పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

విద్యార్థి నవ్వుతూ కనిపించాలని ఎదురుచూడకండి. పరీక్షల మధ్య అది రాకపోవచ్చు. వారానికొకసారి ఇవి చూసుకోండి. జాబితాలో కొట్టివేతలు కనిపిస్తున్నాయా? లేచే వేళ వారంలో ఐదు రోజులైనా నిలిచిందా? మీరు అడగకుండా తనంతట తానుగా ఒక్క విషయమైనా చెప్పడం జరిగిందా? మూడిటిలో రెండు అవునైతే పద్ధతి మార్చకండి. ఒక్కటీ కాకపోతే మీ ఇరవై నిమిషాలను నలభై చేయడం పరిష్కారం కాదు. మీరు ముందే గుర్తించి పెట్టుకున్న ఆ రెండో మనిషిని కలుపుకోండి, లేదా "ఇద్దరం కలిసి కౌన్సెలర్ దగ్గరకు వెళ్దాం, మొదటిసారి నేను బయట కూర్చుంటాను" అని అడగండి. వెళ్ళమని పంపడం కంటే తోడు వెళ్ళడం ఎక్కువసార్లు ఫలించింది.

ఆ మూడు వారాల్లో మీరూ అలసిపోతారు. మీకు నిద్ర పట్టకపోతున్నా, ఆ విద్యార్థి ఫోన్ అంటేనే గుండె జారుతున్నా, కొన్ని రోజుల బాధ్యత మరొకరికి అప్పగించి, ఆ సంగతి విద్యార్థికి నేరుగా చెప్పండి: "శుక్రవారం దాకా నీతో అక్క మాట్లాడుతుంది, శనివారం నేను వస్తాను." చెప్పకుండా మాయమవడం కంటే ఇది ఎంతో నయం.

ఆఖరి పరీక్ష అయ్యాక చాలామంది పలకరించడం ఆపేస్తారు. ఫలితాల తేదీని మీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, ఆ సాయంత్రం ఫోన్ చేయండి.